డెబ్బై నాలుగో పుటలో ఆగిన బండ్లు

ముందే ఒప్పుకుంటే నాకు భారం తగ్గుతుంది. ముప్పై మూడేళ్ళు గ్రంథాలయంలో ఉద్యోగం చేసిన నేను, చివరి రోజుల్లో ఒక పుస్తకం గురించి ఊరందరికీ అబద్ధం చెప్పాను. చాలా గొప్ప పుస్తకం అన్నాను. చదివితే జన్మలో మరచిపోరన్నాను. అప్పటికి నేను దాన్ని డెబ్బై నాలుగు పుటలు చదివి, ఆపైన చదవలేక మూసి పెట్టాను.

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "సార్, మీ అనుభవంతో ఏదైనా చెప్పండి" అని అడుగుతుంటారు. పుస్తకాలకు నంబర్లు వెయ్యడం, రిజిస్టర్లు రాయడం, తనిఖీకి వచ్చిన అధికారికి చాయ్ చెప్పించడం మీకు ఎవరో ఒకరు నేర్పుతారు. నా దగ్గర మిగిలింది ఈ ఒక్క సంగతే. ఇందులో కూడా నా గొప్ప ఏమీ లేదు. నారాయణఖేడ్‌లో బట్టలు కుట్టే ఒకామె నాకు పెట్టిన గడ్డి ఇది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పైన ఒక పెద్దాయన పనిచేసేవారు. పుస్తకం చేతికి తీసుకుంటే ముందు వాసన చూసేవారు, తరువాతే అట్ట చూసేవారు. ఆయనే నాకు ఆ నవల గురించి చెప్పారు. పేరు రాయను, రాసినాయన పేరు కూడా రాయను. పోయినవారిని ఇప్పుడు నొప్పించడం దేనికి. "అది చదవని లైబ్రేరియన్ లైబ్రేరియనే కాదు" అన్నారు ఆ పెద్దాయన. అప్పటికే దాని ప్రతులు ఎక్కడా దొరకడం లేదు. హైదరాబాద్ పోయినప్పుడల్లా పాత పుస్తకాల దుకాణాల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. ఒకచోట రెండో భాగం కనబడింది, దాన్ని కూడా చెదలు సగం చదివేశాయి.

దొరకని పుస్తకంతో ఒక చిక్కు ఉంది. అది మన మనసులో ఏడాదికేడాది ఇంకా బాగా తయారవుతూ ఉంటుంది. ముప్పై ఏళ్ళలో నేను ఆ నవలను ఎంత గొప్పగా ఊహించుకున్నానంటే, ఏ రచయిత వల్లా అంత బాగా రాయడం కాదు.

నా ఉద్యోగం ఇంకా కొంతకాలమే ఉందనగా ఆ నవలను మళ్ళీ అచ్చువేశారు. రెండు భాగాలూ కలిపి ఒకటే లావు పుస్తకం. ఏ పుస్తకాలు కావాలో రాసి పంపమని పై ఆఫీసు అడిగితే, ఒక్కటి రాయాల్సిన చోట ఏడు ప్రతులు రాశాను. మా అటెండర్ కల్హేర్ నుంచి రోజూ బండి మీద వచ్చేవాడు, ఏ కట్ట విప్పినా ఏదో ఒకటి అనకుండా ఉండడు. "ఏంది సార్, ఒక్క పెండ్లికి ఏడు కార్డులొచ్చినట్టు ఒక్క తీరువే ఏడొచ్చినయ్?" అన్నాడు. నేను వినిపించుకోలేదు. మా పెద్దాయన లాగే వాసన చూస్తున్నాను.

శుక్రవారం మాకు సెలవు. ఇంట్లో చాయ్ పెట్టించుకుని, కాళ్ళు చాపుకుని, ముప్పై ఏళ్ళ ఆకలితో మొదలుపెట్టాను. మొదటి పాతిక పుటలు ఒక వంశం చరిత్ర. సరే, పెద్ద నవలకు పెద్ద పునాది కావాలి కదా అనుకున్నాను. తరువాత ఆ ఇంట్లోని గదులు, గదుల్లోని పెట్టెలు, పెట్టెల్లోని పంచెలు. డెబ్బయ్యో పుటలో పెళ్ళివారి బండ్లు బయల్దేరాయి. హమ్మయ్య అనుకున్నాను. అయితే బండి బండికీ ఎద్దుల వర్ణన, ఎక్కినవాళ్ళ వర్ణన, ఎక్కినవాళ్ళ తాతల వర్ణన. డెబ్బై నాలుగో పుటలో మూడో బండి కుడివైపు ఎద్దు మెడలోని గంట గురించి చదువుతూ చదువుతూ నిద్రపోయాను.

మరుసటి శుక్రవారం కూర్చున్నాను. అదే గంట. ఆ మరుసటి వారం కూడా అంతే. వయసు మీద పడిందనీ, ఫోను చూసి చూసి బుద్ధి నిలవడం లేదనీ నన్ను నేను నిందించుకున్నాను. చివరికి డెబ్బై నాలుగులో ఒక పాత కేటలాగు కార్డు ముక్క పెట్టి మూసేశాను. నిజంగా ఏడుపొచ్చింది. మా పెద్దాయన బతికి ఉంటే అడిగేవాణ్ణి, మీరైనా మొత్తం చదివారా అని.

అప్పుడే నలుగురికీ చెప్పి ఉంటే పోయేది. చెప్పలేదు. ముప్పై ఏళ్ళు ఊదరగొట్టి, ఏడు ప్రతులు తెప్పించి, బాగాలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను? పైగా టేబుల్ మీద "ఈ నెల తప్పక చదవవలసినది" అని అట్ట ముక్క మీద నా చేత్తో రాసి పెట్టాను. మా హాలు నిండా ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలే. వాళ్ళకు కథల పుస్తకం ముట్టుకునే తీరిక లేదు. మిగిలిన నలుగురైదుగురు పాఠకులు నా మాట మీద గౌరవంతో తలా ఒకటి పట్టుకుపోయారు. ఒక రిటైర్డ్ పంతులు, ఎరువుల దుకాణం ఆయన, దవాఖాన నర్సమ్మ, ఇంకో ఇద్దరు. గడువుకు ముందే తిరిగి తెచ్చారు. "ఎట్లున్నది?" అంటే "మంచిగుంది సార్" అన్నారు. ఏది బాగుందని నేను అడగలేదు. వాళ్ళూ నా కళ్ళలోకి చూడలేదు. ఒకరి మర్యాద ఒకరు కాపాడుకున్నాం.

మా గ్రంథాలయం వెనక సందులో ఒకామె కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, స్కూలు డ్రెస్సులు కుట్టేది. సందులో చిన్నా పెద్దా ఆమెను ఆపా, అంటే అక్కా, అనే పిలిచేవారు, నేనూ అంతే. ఆమెకు నలభై దాటి ఉంటాయి. చిన్నప్పుడు ఉర్దూ బడిలో మూడో తరగతితో ఆపేశారు. తెలుగు మాట్లాడడం పుట్టినప్పటి నుంచీ వచ్చు, చదవడం మాత్రం వచ్చేది కాదు. కూతురు తెలుగు బడికి పోతే, ఆ పిల్ల పక్కనే మిషను తొక్కుతూ, పిల్ల పైకి చదివేవి వింటూ, పుస్తకంలోకి తొంగి చూస్తూ ఒక్కొక్క అక్షరం పట్టుకుంది. పిల్ల పదో తరగతి అయ్యేసరికి తల్లి పేపరు చదవసాగింది. తరువాత పిల్ల సంగారెడ్డి హాస్టల్‌కు పోయింది. ఇంట్లో చదివే గొంతు లేకుండా పోయింది.

అలాంటి మనిషి ఒకరోజు చేతులకున్న దారం ముక్కలు దులుపుకుంటూ నా టేబుల్ ముందుకు వచ్చి నిలబడింది. సభ్యత్వం రాయించుకుంది.

"సార్, నేను ఇప్పటి దాంక పుస్తకం అన్నది మొత్తం చదవలే. పేపర్లు, పిల్ల పాఠాలు, గంతే. మొదటిది చదువుతున్న. జర అన్నిట్లకెల్లి మంచిది చూసి ఇయ్యి."

టేబుల్ మీద అట్ట ముక్క ఉంది. దాని వెనకే పుస్తకం ఉంది. అక్కడ నలుగురు వింటున్నారు. నా చెయ్యి దానంతట అదే పోయి ఆ లావు పుస్తకాన్ని తీసిచ్చింది. "దీని తరువాతే ఏదైనా, ఆపా" అన్నాను కూడా. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నెల దాటింది. ఇంకో పదిహేను రోజులు గడిచాయి. ఒక అంగడి నాడు, అందరూ సంతకు పోయి హాలు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చింది. పుస్తకానికి పాత చీర గుడ్డతో అట్ట కుట్టింది. దాన్ని టేబుల్ మీద పెట్టి, దాని మీద సభ్యత్వ కార్డు పెట్టింది.

"ఇగ నాతోని కాదు సార్. దినాం చదివిన. అక్షరాలు తెలుస్తున్నయ్, లోపటికి పోతలేవు. నేను చదువొచ్చిందనుకున్న. రాలే. ఉత్తగ పరేషాన్ అయిన. ఈ కార్డు ఇంకెవరికన్న ఇయ్యి."

"జర నిదానంగ చదవాలె ఆపా..." అన్నాను నేను.

"ఇంకెంత నిదానంగ?" అంది. వెళ్ళిపోయింది.

నాకు తల కొట్టేసినట్టయింది. పుస్తకం బాగాలేకపోతే నాలాంటివాడు ఇంకో పుస్తకం తీసుకుంటాడు. పదేళ్ళు కష్టపడి అక్షరాలు కూడబెట్టుకున్న మనిషికి అదే మొదటి పుస్తకం. తప్పు పుస్తకానిదై ఉండొచ్చన్న ఊహే ఆమెకు రాలేదు. తప్పంతా తనలోనే ఉందనుకుంది. ఆ ఒక్క మాట చెప్పవలసినవాణ్ణి నేను, నిదానంగా చదవమని సలహా చెప్పాను. ఆ కార్డును అందరి కార్డులతో కలపబుద్ధి కాలేదు. చొక్కా జేబులో పెట్టుకున్నాను.

నాలుగు రోజుల తరువాత అలమారలు దులిపే పని పెట్టుకున్నాం. మా అటెండర్‌కు ఒక అలవాటు ఉంది. తిరిగొచ్చిన పుస్తకంలో ఎవరైనా గుర్తుకు పెట్టుకున్న చీటీ ఉంటే తీసెయ్యడు. "సగంల ఇడ్సిపెట్టినోళ్ళు మల్లొస్తరు సార్. అచ్చినంక యాడ ఆగిండ్రో ఎట్ల తెలుస్తది?" అనేవాడు. పుస్తకాలు ఉబ్బిపోతున్నాయని దాని గురించి నేను ఎన్నోసార్లు తిట్టాను. వాడు వినేవాడు కాదు, నేను మానేవాణ్ణి కాదు.

ఆ రోజు వాడు ఆ ఏడు ప్రతులనూ వరసగా పేర్చి, దుమ్ము కొడుతూ ఆగిపోయాడు.

"సార్, జర ఇటు రారి."

వెళ్ళి చూశాను. ఏడు పుస్తకాల్లోనూ చీటీలు దాదాపు ఒకేచోట తొంగి చూస్తున్నాయి. ఒక్కొక్కటే తెరిచాం. డెబ్బై ఆరులో మనూర్ బస్సు టికెట్టు. డెబ్బై మూడులో దవాఖాన ఓపీ చీటీ. డెబ్బై నాలుగులో యూరియా బస్తా మీది కాగితం ముక్క. డెబ్బై ఐదులో అగరుబత్తి డబ్బా అట్ట. పంతులు ఒక్కరే తొంభై ఒకటి దాకా పోయారు, ఆయన ఓపిక వేరు. చీర గుడ్డ అట్ట వేసిన ప్రతిలో డెబ్బై నాలుగు దగ్గర ఎర్ర దారం. ఏడోది నాది, కేటలాగు కార్డు ముక్క, డెబ్బై నాలుగు.

"అందరూ ఒక్క జాగల్నే దిగిపోయిండ్రు సార్" అన్నాడు అటెండర్. "గీడ బస్టాండ్ ఉన్నట్టుంది."

నవ్వొచ్చింది. నవ్వుతూనే కూలబడ్డాను. నెలల తరబడి అందరం ఒకే బురదలో దిగబడి, ఒకరికొకరం బాగుంది బాగుంది అని చెప్పుకుంటున్నాం. బాగాలేదని కాకపోయినా, తన వల్ల కావడం లేదని నోరు తెరిచి చెప్పింది ఆమె ఒక్కతే. దాని ఫలితంగా కార్డు వదులుకున్నది కూడా ఆమె ఒక్కతే.

ఏడు పుస్తకాలనూ సంచిలో వేసుకున్నాను. ఉన్నపళాన గ్రంథాలయం అటెండర్‌కు అప్పజెప్పి వెనక సందులోకి నడిచాను. లైబ్రేరియన్ పుస్తకాలు మోసుకుని టైలర్ దుకాణానికి పోవడం చూసి, ఎరువుల దుకాణం ఆయన గుమ్మంలోకి వచ్చి మరీ చూశాడు. పోనీ అనుకున్నాను.

ఆపా ఒక జాకెట్ చంక దగ్గర కుట్టు విప్పుతోంది. పుస్తకాలు ఆమె ముందు బల్ల మీద పెట్టి, ఒక్కొక్కటే తెరిచి చూపించాను. ఎవరు ఎవరో చెప్పలేదు, చీటీలు మాత్రం చూపించాను. ఆమె ముందు అర్థం కాక చూసింది. తరువాత తానే వేలు పెట్టి పుట నంబర్లు చదవడం మొదలుపెట్టింది.

"గీ అందరికి చదువు రాదా సార్?" అంది చివరికి.

"అందరికీ వచ్చు. ఒకాయన ముప్పై ఏండ్లు పిల్లలకు చదువు చెప్పిండు."

"గీ చీటీ ఎవరిది?" కేటలాగు కార్డు ముక్క పట్టుకుంది.

"నాదే" అన్నాను.

"ఎప్పుడు పెట్టినవ్?"

"నీకు పుస్తకం ఇయ్యకముందు."

ఆమె కత్తెర పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"నెల పదిహేను దినాలు నన్ను నేను తిట్టుకున్న సార్. మా బిడ్డకు ఫోన్ చేసి, నాకు చదువు రాలే బేటా, నువ్వు ఉత్తగనే చెప్పినవ్ అని ఏడ్చిన. అది అక్కడ ఏడ్చింది. నీకు ముందుగాల్నే ఎరికె. ఎరికుండి ఇచ్చినవ్."

"తప్పయింది ఆపా."

"చూడు." విప్పుతున్న జాకెట్ ఎత్తి చూపింది. "ఇది కుదరలే. తీస్కపోయినామె మల్ల తెచ్చింది. నీ ఒళ్ళే మంచిగ లేదు, పో, అంటనా నేను? కుట్టు నాది. విప్పి మల్ల కుడ్త. నువ్వు నిదానంగ చదవమంటివి."

ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో ఎంతమంది పై అధికారులు సంజాయిషీ అడిగారో. ఎవరి ముందూ నేను అంత చిన్నవాణ్ణి కాలేదు. జేబులోంచి కార్డు తీసి, "ఇది నీది. ఇంకెవరికీ ఇయ్యలే" అన్నాను. చేతిలోకి తీసుకోలేదు. గుండీల డబ్బా వైపు గడ్డంతో చూపించి, "ఆడ పెట్టిపో" అంది. పెట్టేసి, పుస్తకాలు సర్దుకుని లేచాను. సందు మలుపు దాకా వచ్చాక వెనక నుంచి పిలిచింది.

"సార్! గా బండ్లు ఇంతకు చేరినయా లేదా?"

"నాకూ తెల్వదు ఆపా!" అని అక్కణ్ణుంచే అరిచాను. ఆమె నవ్వడం వినిపించింది. ఆ నవ్వుతోనే ఆ రోజు నాకు అన్నం సయించింది.

పన్నెండు రోజులు రాలేదు. పదమూడో రోజున కార్డు పట్టుకుని వచ్చింది. ఒక షరతు కూడా తెచ్చింది.

"నువ్వు ఆఖరు దాంక చదివిందే ఇయ్యాలె. పేరున్నదని ఇయ్యొద్దు."

ఇది చిన్న షరతు అనుకునేరు. అలమారల మధ్య తిరుగుతుంటే నా గుట్టంతా బయటపడింది. నేను ఏళ్ళ తరబడి గొప్పవని చేతిలో పెట్టినవాటిలో సగం నేను పూర్తిచెయ్యనివే. అట్ట వెనక రాసింది చదివి, ఎవరో అన్నది విని, బరువు చూసి ఇచ్చినవే. వెతికి వెతికి, అరవై పుటల సన్నటి కథ ఒకటి తీశాను. ఒక ముసలామె కోడి తప్పిపోతే ఊరంతా వెతికే కథ. పేరున్న పుస్తకం కాదు. నేను మాత్రం మూడుసార్లు చదివాను.

మూడో రోజే తెచ్చింది. కోపంగా ఉంది.

"కోడి దొరకాలె గద సార్? అంతమంది దేవులాడిండ్రు. గట్లెట్ల ఇడ్సిపెట్టిండు గాయిన?"

నా ప్రాణం లేచి వచ్చింది. నిదానంగా చదవమని ఇంకెప్పుడూ ఆమెకు చెప్పే పని లేదని అప్పుడే తెలిసిపోయింది. ఆమె ఇప్పుడు తనను తిట్టుకోవడం లేదు, రాసినవాణ్ణి తిడుతోంది.

ఆ వారమే టేబుల్ మీది అట్ట ముక్క చింపేశాను. దాని స్థానంలో ఆపా ఒక ఎర్ర దారం కండె తెచ్చి పెట్టింది. పుస్తకం ఎక్కడ ఆపేస్తే అక్కడ ఒక దారం ముక్క పెట్టి ఇవ్వొచ్చు. పేరు రాయనక్కర్లేదు, కారణం చెప్పనక్కర్లేదు. అటెండర్‌కు అంతకంటే సంతోషం లేదు; తాను ఏళ్ళుగా చేస్తున్నదే ఇప్పుడు ఆఫీసు పద్ధతి అయింది. మొదట్లో పాఠకులు మొహమాటపడ్డారు. తరువాత దవాఖాన నర్సమ్మ ఒక పేరుమోసిన పుస్తకంలో పన్నెండో పుటలోనే దారం పెట్టి, పెద్దగా చెప్పి మరీ ఇచ్చింది. ఆమెతో పంతులు పావుగంట తగువు పెట్టుకున్నారు. పరీక్షలకు చదివే పిల్లలు తలలెత్తి చూశారు. వాళ్ళలో ఒకమ్మాయి, ఇన్ని తిట్లు తిన్న పుస్తకం ఎట్లుంటదో చూస్తానని దాన్ని రాయించుకుని తీసుకుపోయింది. ఆమె పూర్తిగా చదివింది, ఆమెకు నచ్చింది కూడా. ఏ పుస్తకం ఎవరికి ఆగుతుందో, ఎవరికి నడుస్తుందో ముందే తెలిసినవాడు ఎవడూ లేడు. నాకు తెలుసనుకుని ముప్పై ఏళ్ళు కుర్చీలో కూర్చున్నాను.

నేను రిటైరైన రోజున హాల్లోనే చిన్న సభ పెట్టారు. శాలువా, దండ, రెండు ఉపన్యాసాలు. నాలో లేని గుణాలన్నీ విని తలవంచుకుని కూర్చున్నాను. అటెండర్‌ను మాట్లాడమంటే లేచి, "సార్ చీటీలు తియ్యమని బాగ తిట్టిండు, నేను తియ్యలే" అని కూర్చున్నాడు. అందరూ వెళ్తుంటే ఆపా ముందుకు వచ్చింది. చేతిలో చీర గుడ్డ అట్ట వేసిన లావు పుస్తకం.

"ఇది నువ్వు మల్లెప్పుడు తీస్కపోయినవ్?" అన్నాను.

"నువ్వు సెలవు పెట్టిన దినం. నీకు చెప్పొద్దన్న." అటెండర్ గోడ వైపు చూస్తున్నాడు. "చేరినయ్ సార్."

"ఏంది చేరినయ్?"

"బండ్లు! నూట ముప్పై ఎనిమిదిల చేరినయ్. పెండ్లి మంచిగనే అయింది. ఆ తర్వాత మూడు వందల పుటలున్నయ్. అంత చదివిన."

ఎర్ర దారం చివరి పుటలో ఉంది. చూపించింది.

"ఎందుకు చదివినవ్ ఆపా, అంత కష్టపడి?"

"అప్పుడు ఆగింది నేనా, పుస్తకమా, చూద్దామని." నా చేతిలో పెట్టింది. "పుస్తకమే మంచిగ లేదు సార్. ఇగ నేను ఎవరికన్న చెప్తా. ఆఖరు దాంక చదివిన, మంచిగ లేదు అని."

నేను అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నాను. సభలో అన్న ఏ పొగడ్తా నన్ను అంత సంతోషపెట్టలేదు. చదువు రాలేదని కార్డు తిరిగిచ్చిన మనిషి, నేను చదవలేని పుస్తకాన్ని మొత్తం చదివి, అది బాగాలేదని తీర్పు చెబుతోంది. ముప్పై ఏళ్ళు ఆ పుస్తకం మీద పెట్టుకున్న ఆశ వృథా పోయిందని బాధపడ్డానే, అదంతా ఆ ఒక్క నిమిషంలో తీరిపోయింది.

"మరి నువ్వు?" అంది.

"డెబ్బై నాలుగే."

"ఇప్పుడేం పని ఉన్నది నీకు?" అని వెళ్ళిపోయింది.

మరుసటి రోజు పొద్దున్నే గ్రంథాలయానికి వెళ్ళాను. టేబుల్‌కు ఇవతలి వైపు నిలబడి, సభ్యత్వం రాయించుకున్నాను. అటెండర్ ఆ లావు పుస్తకం మీద తేదీ ముద్ర కొట్టి, కండె మీంచి ఎర్ర దారం ముక్క తెంపి అడక్కుండానే నా చేతిలో పెట్టాడు. ఇప్పటికి రెండుసార్లు గడువు పొడిగించుకున్నాను. దారం నూట రెండో పుటలో ఉంది. బండ్లు ఇంకా దారిలోనే ఉన్నాయి.